మహా సరస్సులపై బోటు విహారానికి ఖాళీ రోజులే ముఖ్యం

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలోని మహా సరస్సుల మీద వేసవి బోటు విహారం గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు గుళ్లు, దుకాణాలు, నయాగరా చూసి తిరిగి రావడంతో సరిపెట్టుకోకుండా, ఒక మోటారు బోటు సమకూర్చుకుని వారం పది రోజులు నీటి మీద గడపవచ్చన్న సూచన నాకు నచ్చింది. అయితే మిషిగన్ సరస్సు ఒడ్డునున్న షికాగోలో ఒక శనివారం బయలుదేరి, రేవు తరువాత రేవు చూసుకుంటూ, ఆ సరస్సు ఉత్తర కొసకు ఆవల ఉన్న మాకినా దీవి దాకా వెళ్లి, మరుసటి శనివారానికి మళ్లీ షికాగో చేరవచ్చని అందులో వేసిన పట్టిక మాత్రం ఆందోళన కలిగించింది. ఆ పట్టికలో ప్రతి రాత్రికీ ఒక ఊరు ఉంది, ప్రతి ఊళ్లోనూ చూడవలసిన వింత ఉంది. గాలి ఎక్కువై బోటును రేవులో కట్టేసుకుని కూర్చునే రోజు ఒక్కటి కూడా లేదు.

నేను ఉద్యోగ జీవితమంతా సరుకు ఓడల ఇంజను గదుల్లో గడిపి, పదవీ విరమణ చేశాక సోంపేటలో స్థిరపడినవాడిని. మా ఉద్దానం ఊళ్ల నుంచి ఓడల పనికి వెళ్లినవారు తక్కువేమీ కాదు. ఇప్పుడు మా తరువాతి తరం పిల్లల్లో కొందరు డెట్రాయిట్, షికాగో పరిసరాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారిలో ఒకడైన మా మేనల్లుడు ఒక ముప్పై అడుగుల పెట్రోలు బోటు నడుపుతున్నాడు. ఈ వేసవిలో ఇక్కడి నుంచి వెళ్లే తన అత్తమామలను దాని మీద తిప్పాలని అతని కోరిక. ఆ ప్రయాణం గురించి ఫోనులో మా ఇద్దరి మధ్య జరిగిన చర్చలో తేలిన విషయాలు మీ పాఠకులలో మరికొందరికి పనికివస్తాయని నా నమ్మకం.

ముందుగా ఆ నీటి విస్తీర్ణం ఎంతటిదో మనసుకు ఎక్కాలి. సుపీరియర్ సరస్సు విస్తీర్ణం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే మన రాష్ట్రంలో సగం. అయిదు మహా సరస్సులలో చిన్నవాటిలో ఒకటిగా లెక్కకు వచ్చే ఈరీ సరస్సులో సైతం ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపి పరిస్తే సగమే నిండుతుంది. మిషిగన్ సరస్సు పొడవు దాదాపు 490 కిలోమీటర్లు, కొన్నిచోట్ల లోతు 280 మీటర్ల దాకా ఉంటుంది. ఇచ్ఛాపురం వైపు నుంచి రంభ వెళ్లి చిలికా మీద పడవ ఎక్కినవారికి పెద్ద నీటి పరుపు మీద మధ్యాహ్నపు గాలి ఎలా ఉంటుందో కొంత తెలుసు. అక్కడ లోతు తక్కువ, ఒడ్డు కనుచూపు మేరలో ఉంటుంది. మిషిగన్ నడిమధ్యన ఏ వైపు చూసినా ఒడ్డు కనిపించదు. తాటిపూడి జలాశయాన్ని చూసిన కళ్లతో ఆ సరస్సును ఊహించుకుని సంచులు సర్దుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

సముద్రం ఒడ్డున పుట్టిన మనవాళ్లకు ఇంకో ధీమా ఉంటుంది. కెరటాలు చూసి పెరిగాం, మంచినీటి సరస్సు మనల్నేం చేస్తుందని. సముద్రంలో దూరం నుంచి వచ్చే పెద్ద కెరటానికీ తరువాతి కెరటానికీ మధ్య ఎనిమిది, పది సెకన్లు ఉండడం మామూలే కాబట్టి పడవ దాని మీదికి ఎక్కి, తీరికగా దిగుతుంది. సరస్సులో గాలి లేపే అలలు ఎత్తులో తక్కువైనా నిట్టనిలువుగా, మూడు నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చి తగులుతాయి. నాలుగు అడుగుల అలలోకి ముప్పై అడుగుల బోటు ముక్కు దించిందంటే, అది మళ్లీ పైకి లేవకముందే రెండో అల వచ్చి ముందు అద్దాన్ని కొడుతుంది. ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే కావడం వల్ల అక్కడ ఈ బాధ మరీ ఎక్కువ, పైగా అలలు చాలా త్వరగా లేస్తాయి. ఆటుపోట్లు అక్కడ లేనట్లే, ఉన్నా అయిదు సెంటీమీటర్లకు మించవు. అయితే పడమటి గాలి గట్టిగా తోస్తే ఈరీ నీరంతా తూర్పు కొసకు చేరి, అక్కడున్న బఫెలో వైపు మట్టం పడమటి కొసనున్న టొలీడో వైపు కన్నా రెండు మీటర్లకు పైగా ఎక్కువైన సందర్భాలు ఉన్నాయి. గాలి ఆగాక ఆ నీరంతా వెనక్కు ఊగుతుంది. 1954 జూన్ 26న షికాగో తీరంలో, పెద్ద గాలి ఏదీ లేని వేళ, ఇలాంటి నీటి ఊపు ఒకటి వచ్చి గట్టు మీద గాలాలు వేసుకుంటున్నవారిలో పలువురిని లాగేసుకుంది. అంతకు ముందు సరస్సు దక్షిణ భాగం మీదుగా సాగిపోయిన ఉరుముల గాలివాన దానికి కారణం.

పెద్ద ఓడలకు కూడా ఆ సరస్సులు లొంగలేదు. 1975 నవంబర్ 10న 729 అడుగుల ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే సరుకు ఓడ ఇనుప ఖనిజం గుళికల బరువుతో సుపీరియర్‌లో మునిగి, అందులోని 29 మందీ చనిపోయారు. అది నవంబరు తుపాను, మనం మాట్లాడేది జులై విహారం, నిజమే. తుపాను సంగతి పైలీన్‌నూ తిత్లీనీ చూసిన మా ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కాని వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే వలలు సర్దేసే మనమే, సెలవు మీద పరాయి దేశం వెళ్లినప్పుడు ఆ హెచ్చరికలు ఎక్కడ దొరుకుతాయో అడగడం మరిచిపోతున్నాం.

అవి దొరకడం కష్టమేమీ కాదు. అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ ఒడ్డు నుంచి అయిదు నాటికల్ మైళ్ల (సుమారు తొమ్మిది కిలోమీటర్ల) లోపలికి ఒక సూచన, ఆ అవతలి నడి సరస్సుకు ఒక సూచన విడివిడిగా ఇస్తుంది. గాలి 22 నుంచి 33 నాట్ల (గంటకు సుమారు 40 నుంచి 60 కిలోమీటర్ల) మధ్య ఉంటుందన్నా, అలలు నాలుగు అడుగులు మించుతాయన్నా చిన్న పడవలకు హెచ్చరిక వెలువడుతుంది. విహారానికి వెళ్లే కుటుంబం ఆ హెచ్చరిక దాకా ఆగనక్కరలేదని నా అభిప్రాయం. పెద్దవాళ్లు ఉన్న బోటు పదిహేను నాట్ల గాలికే రేవులో ఉండిపోవాలి. ముఖ్యంగా మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డున పడమటి గాలి వీచే రోజున రేవు ముఖద్వారంలోని రెండు గట్ల మధ్య అలలు అటూ ఇటూ కొట్టుకుని నీరు మరిగినట్లు ఉంటుంది. ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు తరచుగా ఆ చివరి వంద గజాలే అవుతుంది.

ఇక మీ వ్యాసంలోని పట్టిక లెక్కకు వస్తాను. షికాగో నుంచి మాకినా దీవి దాకా ఏటా జరిగే తెరచాప పడవల పందెం దూరం 333 మైళ్లు. రేవులు తిరుగుతూ ఒడ్డు వెంట పోతే ఇంకా ఎక్కువే అవుతుంది. రానుపోను 666 మైళ్లు అనుకుంటే, ఏడు రోజులకు రోజుకు 95 మైళ్లు పడుతుంది. గంటకు 20 మైళ్ల వేగంతో రోజుకు అయిదు గంటల లోపు ప్రయాణం, మిగిలిన పొద్దంతా ఊళ్లు చూడవచ్చు. కాగితం మీద చాలా ఇంపుగా ఉంది. నాలుగు అడుగుల అలల్లో అదే బోటు గంటకు ఏడెనిమిది మైళ్లకు తగ్గించుకోక తప్పదు. అప్పుడు అదే 95 మైళ్లకు పన్నెండు గంటలు దాటుతుంది. పన్నెండు గంటలు ఆ కుదుపులో కూర్చున్న అరవై ఏళ్ల మనిషి నడుము ఏమవుతుందో పట్టిక వేసినవారు ఆలోచించినట్లు లేదు. సోమవారం ఒక్కరోజు గాలి వల్ల ఆగిపోతే మంగళవారం 190 మైళ్లు వెళ్లాలి, లేదా శనివారం తేదీ తప్పాలి. మీ అనుబంధంలో వ్యాసం రాసినవారు ఆ సోమవారం నాడు బోటులో ఉండరు. బోటు నడిపే పిల్లవాడికి ఆఫీసు సెలవు అయిపోతుంటుంది, రేవులో ముందే కట్టిన అద్దె పోతుంటుంది, తల్లిదండ్రుల తిరుగు విమానం దగ్గరపడుతుంటుంది. వెళ్లకూడని ఉదయం బోటు తాళ్లు విప్పేలా చేసేవి ఇవే.

మా మేనల్లుడికి నేను చెప్పింది ఒకటే. ప్రయాణానికి ఎన్ని రోజులు ఉన్నాయో చూసుకుని, మూడు రోజులకు ఒకటి చొప్పున ఏ ఊరి పేరూ రాయకుండా వదిలేయాలి. మిగిలిన రోజులకు ఎంత దూరం వస్తే అంతే మన విహారం. పది రోజుల సెలవుకు అలా ఏడు ప్రయాణపు రోజులు మిగులుతాయి. అందులో రోజుకు నలభై మైళ్లు మించకపోతే, పొద్దున్నే గాలి లేవకముందు బయలుదేరి భోజనాల వేళకు రేవు చేరిపోవచ్చు. అంటే అతను ఉన్న చోటి నుంచి ఒక వైపు 140 మైళ్లు. మాకినా ఈ ఏటికి కాదు. "మావయ్యా, జీపీఎస్ ఉంది, రాడార్ ఉంది, ఇంత భయం దేనికి?" అని అతను అడిగాడు. జీపీఎస్ మనం ఎక్కడ ఉన్నామో చెబుతుంది, గాలిని ఆపదు కదా అన్నాను. తరువాత అతని భార్య ఫోను తీసుకుని, రేవు ఊళ్లలో ఖాళీ రోజున ఏం చేయాలో తాను చూసుకుంటానని, తన తల్లిదండ్రులకు నేల మీద ఒక రోజు దొరికితే అదే పండుగని చెప్పింది. ఆమె మాటతో పట్టిక మారింది.

సరస్సు తూర్పు ఒడ్డున ఉన్న మిషిగన్ రాష్ట్ర తీరం ఇలాంటి ప్రయాణానికి అనువైనదే. సౌత్ హేవెన్, సాగటక్, హాలండ్, గ్రాండ్ హేవెన్, మస్కిగాన్, పెంట్‌వాటర్, లడింగ్‌టన్, మనిస్టీ, ఫ్రాంక్‌ఫర్ట్ అని దక్షిణం నుంచి ఉత్తరానికి వరుసగా రేవులు ఉన్నాయి. చిన్న పడవ ఏదీ ఒడ్డు వెంట పదిహేను మైళ్లకు మించి ఆశ్రయానికి దూరంగా ఉండరాదన్న ఉద్దేశంతో ఆ రాష్ట్ర ప్రభుత్వం దశాబ్దాలుగా ఈ ఆశ్రయపు రేవులను పెంచుకుంటూ వచ్చింది. ఇంకా ప్రశాంతమైన నీరు కావాలనుకునే పెద్దలకు, మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన క్రుకెడ్, బర్ట్, మలెట్ సరస్సులను నదులతో కలుపుతూ హ్యూరన్ సరస్సు ఒడ్డున షిబాయ్‌గన్ దాకా సుమారు 40 మైళ్లు సాగే జలమార్గం నేల లోపలే ఉంది. నన్నడిగితే మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులకు అదే చాలు. రెండు లాకులు దాటడం చూడడమే వారికి మంచి కాలక్షేపం.

కెనడా వైపు పోవాలనుకునేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. అయిదు సరస్సులలో మిషిగన్ ఒక్కటే పూర్తిగా అమెరికాలో ఉంది, మిగిలిన నాలుగూ రెండు దేశాలవి. హ్యూరన్ సరస్సులో పడవవాళ్లు ఎంతగానో చెప్పుకునే జార్జియన్ బే, నార్త్ ఛానల్, మంచినీటి సరస్సులలోని దీవులన్నిటిలోకీ పెద్దదైన మానిటూలిన్ కెనడాకు చెందినవి. భారత పాస్‌పోర్టు మీద అక్కడ దిగడానికి కెనడా వీసా ఉండాలి, చేరగానే ఫోనులో హాజరు చెప్పుకోవాలి, తిరిగి వచ్చాక అమెరికా అధికారులకూ చెప్పుకోవాలి. నీటి మీద సరిహద్దు గీత కనిపించదు కాబట్టి ఎవరూ అడగరనుకుని తల్లిదండ్రులను చిక్కుల్లో పెట్టవద్దని పిల్లలకు నా మనవి. ఇక్కడి నుంచి బయలుదేరకముందే ఆ వీసా తీసుకోవాలి.

ఇంధనం సంగతి నా వృత్తికి దగ్గరిది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే మన్నించండి. పెట్రోలు ఇంజను పది గుర్రపు శక్తి ఇచ్చినంత సేపూ గంటకు సుమారు ఒక గాలను తాగుతుందని బోటువాళ్ల మోటు లెక్క. 200 గుర్రపు శక్తి లాగుతుంటే గంటకు 20 గాలన్లు, అంటే దాదాపు 75 లీటర్లు. ఆ వేగంలో గాలనుకు మైలు వస్తే గొప్ప. మీ వ్యాసంలోని 666 మైళ్లకు ఈ లెక్కన 2,500 లీటర్ల పెట్రోలు కావాలి, దాని ఖర్చు ఎక్కడా రాయలేదు. ట్యాంకులో ఉన్నదాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి ఉంచి, మూడోదాన్ని ముట్టకూడదన్నది పాత పద్ధతి. 200 గాలన్ల ట్యాంకు ఉంటే మధ్యలో ఎక్కడా నింపకుండా 130 మైళ్లకు మించి ప్రయాణం వేసుకోకూడదన్నమాట. అల పెరిగి బోటు నీటి మీద తేలిపోనూ లేక, నెమ్మదిగా సాగనూ లేక మధ్య వేగంలో ముక్కు ఎత్తుకుని ఈడ్చుకుంటూ పోయేటప్పుడు మైలుకు పట్టే ఖర్చు ఇంకా పెరుగుతుంది. మూడో భాగం అప్పుడు అక్కరకు వస్తుంది.

ఇంజను ఆగిపోయే తీరు కూడా పాఠకులు తెలుసుకోవాలి. చలికాలమంతా ఒడ్డున పడి ఉన్న బోటు ట్యాంకు అడుగున కాస్త నీరూ మడ్డీ చేరి ఉంటాయి. నిదానంగా ఉన్న నీటిలో నెల రోజులు నడిపినా అది కదలదు. మొదటి పెద్ద అల రోజున ట్యాంకు కుదిలి, మడ్డి అంతా లేచి ఫిల్టరుకు అడ్డుపడుతుంది. ఎప్పుడు ఇంజను కావాలో సరిగ్గా అప్పుడే అది ఆగుతుంది. అందుకే బయలుదేరకముందు కొత్త ఫిల్టరు వేసి, ఇంకో రెండు సంచిలో పెట్టుకుని, వాటిని మార్చడం రేవులో ఒకసారి చేతులతో చేసి చూసుకోవాలి. ఇంజనును చల్లబరిచే నీటిని లాగే పంపులోని రబ్బరు చక్రం (ఇంపెల్లర్) రెక్కలు చలికాలంలో ఒకే వైపు వంగి గట్టిపడిపోతాయి. వేలితో వంచి చూస్తే పగుళ్లు తెలిసిపోతాయి. 1988లో ఆ సరస్సులలో మొదట కనిపించి తరువాత అంతటా వ్యాపించిన జీబ్రా ఆలిచిప్పలు నీటిగొట్టాల నోళ్లకు అంటుకుంటాయి కాబట్టి జల్లెడ తీసి చూడడం రోజువారీ పనిలో చేరాలి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే రోజుల్లో మరబోట్లను ఒడ్డుకు లాగి ఇంజన్లు విప్పి చూసుకునే మన సరంగులకు ఈ పనులన్నీ అలవాటే. అద్దె బోటు తీసుకునే మన పిల్లలు మాత్రం తాళం చెవి చేతికి రాగానే సెల్ఫీ దిగుతారు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, బోటు అడుగున ఇంజను గుంటలో చేరి కూర్చుంటుంది. అందువల్ల ఇంజను లోపల ఉన్న బోటులో పెట్రోలు పోయించుకున్నాక వెంటనే తాళం తిప్పకూడదు. ముందుగా గాలి పంకా నాలుగు నిమిషాలు తిప్పాలి. ఆ మాట అలాంటి బోట్లలో తాళం పక్కన చీటీ మీద రాసే ఉంటుంది. అంతటితో ఆగకుండా నేనైతే ఇంజను మూత ఎత్తి, మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు లోపలికి పెట్టి వాసన చూసి గాని తాళం తిప్పనివ్వను. ఆ నాలుగు నిమిషాలు మిగిలిన అందరూ రేవు మీదే నిలబడాలి. పంకా మోగుతుండగా అమ్మమ్మను చేయి పట్టి బోటు ఎక్కించడం మన వాళ్ల మర్యాద కావచ్చు గాని, అది తప్పు. ఇంజను నడుస్తుండగా బోటు వెనుక మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడించడం కూడా అంతే తప్పు, అక్కడ చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మంచినీటికి ఇంజను పరంగా ఒక మేలు ఉంది, ఉప్పు తినేయదు. తుప్పును తన మీదకు తెచ్చుకునే లోహపు ముక్కలు ఉప్పునీటి బోటుకు జింకువి అయితే మంచినీటికి మెగ్నీషియంవి వేయాలి. సముద్రం నుంచి తెచ్చిన పాత బోటు కొనేవారు ఇది అడిగి తెలుసుకోవాలి. ఉప్పునీటి కన్నా మంచినీటిలో పడవ కాస్త లోతుకు దిగుతుంది కూడా. సరుకు ఓడల పక్కన బరువు గీతలలో మంచినీటి గీత వేరుగా, కాస్త పైన ఉండడానికి కారణం అదే. చిన్న బోటుకు ఆ తేడా లెక్కలోకి రాదనుకోండి, పాత అలవాటు కొద్దీ రాశాను.

నీటి చల్లదనం గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేకపోవడం పెద్ద లోటు. కళింగపట్నం దగ్గర మే నెలలో సముద్రంలోకి దిగితే నీరు గోరువెచ్చగా ఉంటుంది. సుపీరియర్ నడిమధ్యన జూన్‌లో నీరు దాదాపు నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. మిషిగన్‌లో ఆగస్టులో ఇరవై డిగ్రీలు దాటిన ఒడ్డు నీరు కూడా, గాలి పైనీటిని లోపలికి నెట్టేస్తే అడుగు నీరు పైకి వచ్చి, ఒక్క రాత్రిలో పది డిగ్రీలకు పడిపోవచ్చు. అలాంటి నీటిలో పడినవాడికి ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ చెప్పినట్లు వినడానికి పది నిమిషాలు, స్పృహ ఉండడానికి ఒక గంట అని అక్కడి రక్షణ శిక్షకులు చెబుతారు. మొదటి నిమిషంలో ఉలిక్కిపడి నోరు తెరిచి నీరు మింగకుండా తల పైన ఉంచేది లైఫ్ జాకెట్ ఒక్కటే. అందువల్ల అది సీటు కింద ఉండి లాభం లేదు, ఒంటి మీద ఉండాలి. ఈత రాని పెద్దవాళ్లకు, చీర కట్టుకున్న అత్తగారికి సరిపడే కొలత ముందే తొడిగి బెల్టులు బిగించి చూడాలి. వెచ్చటి గాలి ఆ చల్లటి నీటి మీదకు వచ్చిందంటే జూన్ ఉదయాలలో పొగమంచు కమ్ముతుంది. వెయ్యి అడుగుల సరుకు ఓడలు తిరిగే దారి అది. నా మాటగా జులై రెండో వారం ముందు బయలుదేరకపోవడం మంచిది, సెప్టెంబరు వచ్చాక గాలులు మళ్లీ పెరుగుతాయి.

ఒడ్డు నుంచి కొన్ని మైళ్లు పోయాక సెల్‌ఫోను పనిచేస్తుందన్న హామీ లేదు. వీహెచ్ఎఫ్ రేడియో ఉండాలి. ఆపదలో వాడే 16వ ఛానల్‌లో ఎలా పిలవాలో, బోటు ఎక్కడ ఉందో అంకెలు ఎలా చదవాలో నడిపేవాడితో పాటు ఇంకొకరికి తెలిసి ఉండాలి. ఏ రేవు నుంచి ఏ రేవుకు, ఎవరెవరు, ఏ రంగు బోటు, ఎన్ని గంటల్లోగా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలి అన్నది కాగితం మీద రాసి ఒడ్డున ఉన్న ఒకరికి ఇవ్వాలి. ఆ ఒకరు సోంపేటలో ఉన్న నాబోటి ముసలివాడు కాకుండా, అక్కడి గడియారం ప్రకారం మేలుకుని ఉండేవారై ఉండాలి. నీటి మట్టం కూడా బయలుదేరే వారంలో చూసుకోవాలి. మిషిగన్, హ్యూరన్ మట్టం 2013 జనవరిలో మునుపెన్నడూ లేనంత పడిపోయి, 2020 వేసవికి ఆరడుగులకు పైగా పెరిగింది. ఒక ఏడు బోటు సాఫీగా దాటిన రాయి ఇంకో ఏడు బోటును తోసే, నీటి కింది ఫ్యాను రెక్కలను విరగ్గొడుతుంది.

ఇన్ని జాగ్రత్తలు ఉన్నా చివరికి ప్రయాణాన్ని పాడు చేసేది మొహమాటమేనని నా అనుభవం. అల్లుడు నడుపుతున్న బోటులో మామగారు కూర్చుంటే ఆయనకు కడుపులో తిప్పుతున్నా చెప్పరు, అల్లుడికి గాలి నచ్చకపోయినా వెనక్కు తిప్పడు. ఇద్దరూ నవ్వుతూ ముందుకు పోతారు. అందుకని బయలుదేరే ముందు రాత్రి అందరి ఎదుటా ఒక మాట అనుకోవాలి. రేవులో ఉన్నంతసేపూ ఎవరు వద్దన్నా ప్రయాణం ఆగుతుంది, కారణం అడగకూడదు. తాళ్లు విప్పాక నడిపేవాడి మాటే చెల్లుతుంది. మా మేనల్లుడి అత్తగారు ఈ సంగతి విని, బోటు ప్రయాణపు రోజుల్లో తాను కారులో రేవు నుంచి రేవుకు వచ్చి సాయంత్రాలు మాత్రం బోటు మీద గడుపుతానని ఇక్కడి నుంచే తేల్చి చెప్పారు. నాకు అది చాలా తెలివైన ఏర్పాటుగా కనిపించింది. కారు వెంట ఉంటే మందులు మరిచిపోయినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా దారి ఉంటుంది. బోటులో బరువూ తగ్గుతుంది.

మన దగ్గర కూడా వేసవి సెలవుల్లో తాటిపూడి, మడ్డువలస వంటి చోట్ల బోటు షికారు ఉంటే బాగుంటుందన్న వార్తలు మీ జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ చూస్తున్నాను. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద పోటు మీద ఉన్న రోజున కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగిన తరువాత తనిఖీలు, కంట్రోల్ రూముల గురించి చాలా రాశారు. ఆ వార్తల పక్కన గాలి ఎంత దాటితే బోటు కదలకూడదో, అలా ఆగిన రోజున టికెట్ డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తారో లేదో కూడా రాయించండి. డబ్బు తిరిగి వస్తుందని తెలిస్తే ఎక్కేవారు పట్టుబట్టరు, నడిపేవారికీ ఆపే ధైర్యం వస్తుంది.

విహార వ్యాసాలు రాయించవద్దని నేను కోరడం లేదు. పట్టికలో మూడో వంతు రోజులు ఖాళీగా ఉంచి, పెట్రోలు లెక్క, వీసా సంగతి, నీటి చల్లదనం కలిపి ఆ వ్యాసాన్ని మళ్లీ వేయమని మాత్రమే నా అభ్యర్థన. మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఏప్రిల్, మే నెలల్లో విమానం ఎక్కుతారు, టికెట్లు అంతకు చాలా ముందే కొంటారు. సంక్రాంతి పోయిన వెంటనే, ఫిబ్రవరిలోగా అది అచ్చయితే, తిరుగు ప్రయాణపు తేదీని ఒక వారం తరువాతకు జరుపుకునే వీలు వారికి ఇంకా ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక విశ్రాంత ఓడ ఇంజనీరు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా.